సుక్కి హోటల్లో ముట్టని చెంబు

ఆ ఆదివారం పొద్దున ఈశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సెక్కి ఎర్రబోరులో దిగాలి. రోడ్డు పక్కన సుక్కి హోటల్లో ఎవరూ గుర్తుపట్టకుండా ఒక దొప్ప కోడివేపుడు తినాలి. అందులో పడిన మిరపకాయ ఎవరి కొట్టుదో నాలుకతో తేల్చుకోవాలి. మధ్యాహ్నానికి తన ఊరు కొంటాకు తిరిగొచ్చి, ఏమీ ఎరగని మొహంతో పెరుగన్నం ముందు కూర్చోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అతను అద్దం ముందు మీసం దువ్వుకున్నాడు.

కొంటా బజారులో ఎండుమిర్చి అంటే ఈశ్వరరావు కొట్టే. కాయను చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరుస్తాడు, ఒక్కసారి వాసన చూస్తాడు, అది భద్రాచలం పక్క ఇసుకనేలలో పండిందో ఖమ్మం నల్లరేగడిలో పండిందో చెప్పేస్తాడు. బేరానికి వచ్చినవాళ్ళు బేరం మరిచిపోయి చూస్తారు. అయితే ఆ కాయ ముక్కు దాటి నోటిదాకా పోదు. పెళ్ళయిన కొత్తలోనే అతని కడుపు కారంతో తెగతెంపులు చేసుకుంది. అప్పటినుంచీ ఇంట్లో మిరియాల చారు, చప్పిడి పప్పు, పెరుగన్నం. కోడి కోసినా అది బాలింతకు పెట్టే కూరలాగే ఉంటుంది. బస్తాలకు బస్తాలు కారం అమ్మే మనిషి దాని రుచి మరిచిపోయి పాతికేళ్ళు దాటిందన్న సంగతి గుమ్మం దాటి బయటికి పోలేదు.

ఇక సుక్కి సంగతి. ఎర్రబోరు దగ్గర రోడ్డు పక్కన రేకుల కప్పు కింద పొయ్యి పెట్టిన దోర్ల తెగ ఆవిడ. బోర్డు లేదు, ధరల పట్టిక లేదు. వండేది ఒక్కటే, నాటుకోడి వేపుడు. దాని కోసం జగదల్‌పూర్ నుంచి వచ్చే లారీలు, భద్రాచలం నుంచి పోయే లారీలు బారులు తీరి ఆగుతాయి. సుక్కి ఏ మిరపకాయ కొంటే ఆ రోడ్డు మీద హోటళ్ళన్నీ అదే కొంటాయి. ఏళ్ళ తరబడి ఆమె తమ్ముడు లక్ష్మణ్ ప్రతి సంతకూ వచ్చి ఈశ్వరరావు కొట్లోనే బస్తా ఎత్తించుకునేవాడు. సుక్కి ఎన్నడూ కొట్టుకు రాలేదు. ఈశ్వరరావు ఎన్నడూ హోటలుకు పోలేదు. కడుపు సంగతి తెలిసిందే కదా.

అలాంటి లక్ష్మణ్ నెలరోజులుగా సంతకు వచ్చి కూడా కొట్టు వైపు రాలేదు. దోర్నపాల్ మిర్చి వ్యాపారి రాజేశ్వరరావు మాత్రం సంచి పట్టుకుని సుక్కి హోటలు చుట్టూ తిరుగుతున్నాడని కబురొచ్చింది. ఇంకేముంది, టీ బండి దగ్గర "సుక్కి వద్దన్న కాయ" అనే మాట పుట్టింది. ఆ మాట ముదిరితే తండ్రి నాటినుంచీ నిలబెట్టుకున్న పేరు మట్టికొట్టుకుపోతుంది. లక్ష్మణ్‌నే అడగవచ్చు కదా అంటే, ఎందుకు రావడంలేదని కొనేవాణ్ణి అడిగితే కొట్టు దిగజారిపోయినట్టేనని వ్యాపారి లెక్క. అందుకే ఈ రహస్య ప్రయాణం.

"ఎటు పోతున్నరు పొద్దుపొద్దున్నే?" అంది భార్య కమలాకుమారి, తలుపు దగ్గర నిలబడి.

"సుక్మాకు. ఆఫీసుల పనుంది."

"ఆదివారం నాడు ఆఫీసేంది?"

"సాబ్ ఇంటికాడ కలుస్తనన్నడు."

కమలాకుమారి ఆ సంగతి అక్కడితో వదిలేసింది. ఆమెకు ఆఫీసు మీద అనుమానం లేదు, మొగుడి నోటి మీద ఉంది. పోయిన వానాకాలం బయటి నీళ్ళు తాగనని ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషి, సుక్మా బస్టాండులో ఇంత పొడుగు గ్లాసుడు చెరుకురసం తాగి కామెర్లు తెచ్చుకున్నాడు. మంచంలో పడుకుని కూడా చెరుకురసం నీళ్ళెట్లయితయని వాదించాడు. ఒట్టులో ఏ మాట ఉంటే ఆ మాటకు ప్రాణమిస్తాడు, లేని మాట జోలికి పోడు. అదీ అతని ధర్మం.

అందుకే ఆమె ఈసారి అతని చెయ్యి తన నెత్తి మీద గట్టిగా అదిమి పట్టుకుంది. "అనుండ్రి. బయటి నీళ్ళు తాగను. మజ్జిగ తాగను. చెరుకురసం, సోడా, కల్లు, అంబలి, చాయ్ తాగను. ఐసుముక్క చప్పరించను. ఇంటి నీళ్ళు తప్ప కారేది జారేది ఏదీ నోట్లె పోసుకోను."

ఈశ్వరరావు అన్నీ అన్నాడు. కాచి చల్లార్చిన నీళ్ళ సీసాను ఆమె అతని చంకకు తగిలించింది. కోడివేపుడు గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఈ మనిషి అంత పని చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఎర్రబోరులో అతను బస్సు దిగాడు. సీసా దిగలేదు. పైన సామాన్ల అరలో హాయిగా కూర్చుని సుక్మా వెళ్ళిపోయింది.

ఆ సంగతి అతనికి వెంటనే తెలియలేదు, ఎందుకంటే దిగీదిగగానే తుమ్ములు మొదలయ్యాయి. హోటలు ఇంకా కనబడనే లేదు, వాసన వచ్చేసింది. రోట్లో వెల్లుల్లితో నూరిన కారం ఇప్పనూనెలో వేగుతున్న వాసన. తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా రేకుల కప్పు, దుంగల బల్లలు, లోపల బానలాంటి ఇనప మూకుడు. మూకుడు వెనక పొగలో ఒక ఆడమనిషి నీడ. ఆమె గరిటె తిప్పుతుంటే బల్లల మీద కూర్చున్న లారీ డ్రైవర్లు గుళ్ళో కూర్చున్నవాళ్ళలా మాట్లాడకుండా చూస్తున్నారు. ఈశ్వరరావు తనకు తెలియకుండానే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.

"కూసో అన్నా," అని సుక్కి కోడలు రాధ అతని ముందు ఆకుదొప్ప పెట్టింది. పక్కన ఇత్తడి చెంబుతో నిండుగా నీళ్ళు పెట్టింది.

దొప్పలో చిన్నచిన్న ముక్కలు, ఎముకతో సహా కొట్టినవి, ఎర్రగా కూడా కాదు, దాదాపు నల్లగా ఉన్నాయి. అంచుల్లో నూనె ఇంకా చిటపటమంటోంది. ఈశ్వరరావు వృత్తి మర్యాదగా ముందు వాసన చూశాడు. ముక్కు ఒక్కసారి మూసుకుపోయింది. సరే, నాలుక ఉందిగదా అని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

మొదట ఏమీ కాలేదు. కరకరమంది, తర్వాత మెత్తగా విడిపోయింది, ఇప్పనూనె కమ్మదనం, వెల్లుల్లి, కాస్త పొగ. ఆహా అనుకున్నాడు. ఆ ఆహా సగంలో ఉండగానే లోపల ఎవరో పొయ్యి రాజేశారు. నాలుక, అంగిలి, చెవులు, నడినెత్తి వరసగా అంటుకున్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. చెయ్యి చంకకు పోయింది. చంకలో సీసా లేదు.

ఎదురుగా చెంబు ఉంది. నిండుగా, చల్లగా, అంచున నీటిబొట్టు వేలాడుతూ ఉంది. ఈశ్వరరావు దానివైపు చూశాడు. అరచేతి కింద కమలాకుమారి నెత్తి గుర్తుకొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తీసుకున్న చెయ్యి ఏం చేయాలో తెలియక ఇంకో ముక్క అందుకుంది. విచిత్రమేమిటంటే, నములుతున్నంతసేపూ మంట కాస్త నెమ్మదిస్తోంది, ఆపితే భగ్గుమంటోంది. నోరు వద్దంటోంది, చెయ్యి వినడంలేదు. పాతికేళ్ళ చప్పిడి కూడు తిన్న ప్రాణానికి ఇది తిండిలా లేదు, దర్శనంలా ఉంది. ఇంత కారం, ఇంత కమ్మదనం ఒకే ముక్కలో ఎలా ఇమిడాయో అతనికి అర్థంకాలేదు. ఏ నేల కాయ ఇది? తన కొట్లో ఇలాంటి సరుకు ఎన్నడైనా ఉందా? లేదు, ఉండడానికి వీల్లేదు. ఇది రాజేశ్వరరావు కాయే. ఇలాంటి కాయ దొరికాక సుక్కి తన దగ్గరికి ఎందుకొస్తుంది, తనైనా రాడు. దుఃఖంతో, భక్తితో అతను దొప్ప ఖాళీ చేశాడు.

ఇక్కడ ఆ హోటలు పద్ధతి చెప్పుకోవాలి. రోడ్డు మీద అందరికీ తెలిసినది, ఈశ్వరరావుకు తెలియనిది. సుక్కి పొయ్యి దగ్గరి నుంచి బల్లల వైపు చూడదు, బాగుందా అని అడగదు. వింటుంది. చెంబులోకి నీళ్ళు మళ్ళీ నింపుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, వంట కుదిరినట్టు. ఒక మనిషికి రెండుమూడు చెంబులు మామూలు. ఎవరైనా చెంబు ముట్టకుండా దొప్ప ఖాళీ చేస్తే, పొయ్యి ఆ మనిషిని చిన్నబుచ్చిందని అర్థం. అప్పుడు ఇంకా ఘాటుగా వేయించిన దొప్ప రావాలి. అలా వచ్చిన సందర్భం ఇంతవరకూ ఎవరికీ గుర్తులేదు.

రాధ వచ్చి చెంబులోకి తొంగిచూసింది. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఈశ్వరరావు ఇక చాలమ్మా అనబోయాడు. నాలుక కదలలేదు. గతిలేక రెండు చేతులూ జోడించాడు.

రాధ లోపలికి పరుగెత్తింది. "అత్తా, ఆ అన్న చెంబు ముట్టలె! దండం పెట్టి ఇంకా కావాల్నంటుండు!"

పొగలో గరిటె ఆగింది. బల్లల మీద నమలడం ఆగింది. కాసేపట్లో రెండో దొప్ప వచ్చింది. దాని మీద ఎండుకారం మళ్ళీ చల్లి వేయించారు, అది దూరంనుంచే తెలుస్తోంది.

మర్యాదస్తుడైన వ్యాపారి ముందు పెట్టిన తిండిని వదిలి లేవడు. ఈశ్వరరావు ఒక ముక్క తిన్నాడు. మంట తట్టుకోలేక చేత్తో నోటివైపు విసురుకోసాగాడు. పక్కనున్న లారీ డ్రైవరు అది చూసి, "అరే, ఇంకా తెమ్మంటున్నడు భాయ్! జల్దీ తీసుకురాండ్రి!" అని కేక వేశాడు. అతను జగదల్‌పూర్ మనిషి. ఇలాంటి వింత కనబడితే ఫోను తీయకుండా ఉండలేడు. వీడియో తీయడం మొదలుపెట్టాడు.

జనం మూగారు. సుక్మా నుంచి కొంటా పోయే బస్సు ఆగి, అందరూ దిగారు. డ్రైవరు కూడా దిగాడు. ఒకరు ఫుడ్ ఇన్‌స్పెక్టరన్నారు, ఇంకొకరు కాదు టీవీ మనిషన్నారు. లారీ డ్రైవరు తేల్చేశాడు. "బాబా హై! నీళ్ళు ముట్టడు, మాట్లాడడు, కండ్లల్ల నీళ్ళు. మౌనవ్రతం!"

కోడి తింటూ వ్రతమేమిటని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ మనిషి మొహం అలా ఉంది. ఎర్రబడి, చెమటతో మెరుస్తూ, కళ్ళు ఈ లోకంలో లేనట్టు పైకి తిరిగి ఉన్నాయి. ముందువరసలో కొందరు చేతులు జోడించారు. సంతలో పందేనికి పోతున్న ఉంగ అనే ముసలాయన చంకలోని పుంజును తెచ్చి బల్ల మీద నిలబెట్టి, "ఒక్కపాలి చెయ్యి పెట్టు సామీ," అన్నాడు. ఈశ్వరరావు దాన్ని పక్కకు నెట్టబోయాడు. కారం చెయ్యి తగిలి పుంజు గాల్లోకి రెండడుగులు ఎగిరి రెక్కలు విదిల్చింది. జనం హోరెత్తారు. ఆ పుంజు ఆ రోజు పందెం గెలిచిందని తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడు పొగలోంచి సుక్కి బయటికి వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు ముడి, బొడ్లో దోపిన చెంగు. చేతిలో మూడో దొప్ప ఉంది. అందులో ముక్కల కంటే మిరపకాయలు ఎక్కువున్నాయి. పక్కన ఎర్రచీమల పచ్చడి ముద్ద కూడా పెట్టింది.

"పొయ్యి పెట్టి ఇన్నేండ్లాయె అన్నా," అంది సుక్కి మెల్లగా. "పోలీసోళ్ళు తిన్నరు, పెద్దపెద్ద సాబులు తిన్నరు. చెంబు ముట్టని మనిషిని సూడలె. నా చెయ్యి తప్పిందా ఏంది? నిజం చెప్పు."

ఆమె కళ్ళలో కోపం లేదు, దెబ్బతిన్న మనిషి చూపు ఉంది. ఈశ్వరరావు గుండె కరిగిపోయింది. తల్లీ, నీ చేతిలో తప్పులేదు, ఇంత గొప్ప తిండి నా జన్మలో తినలేదని చెప్పాలనుకున్నాడు. గొంతులోంచి ఈలలాంటి చప్పుడొకటి వచ్చింది. చెప్పలేక, ఆమె కళ్ళముందే మూడో దొప్ప అందుకుని తినేశాడు. అదే తన మెచ్చుకోలు అనుకున్నాడు. సుక్కి ఒకసారి చెంబు వైపు చూసి తల వంచుకుంది.

సరిగ్గా అప్పుడే మోటారుసైకిలు ఆగింది. దోర్నపాల్ రాజేశ్వరరావు చేతిలో సంచితో దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, బల్ల ముందున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఏంది ఈశ్వరరావూ, నువ్విక్కడ?"

సుక్కి తలెత్తింది. "ఈశ్వరరావా? కొంటా మిర్చి సేటువా నువ్వు?" ఆమె మొహంలో వెలుగు వచ్చింది. "మరి ముందే చెప్పొద్దా! ఇది నీ కాయే కదనయ్యా!"

ఈశ్వరరావు చేతిలోని ఎముక జారి దొప్పలో పడింది.

"నీ కాయే," అంది సుక్కి. "పోయినసారి పంపినవ్ సూడు, అది నిప్పు. ఎప్పుడేసే దాంట్ల సగం ఏస్తె చాలు. ఇంకా సగం బస్తా అట్లనే ఉంది. గందుకే లక్ష్మణ్‌ను నీ కొట్టుకు పంపలె. ఈ దోర్నపాల్ సేటు వారంవారం వస్తడు, సంచి ఇప్పి చూపిస్తడు, పోతడు. ఒక్క కాయ తీసుకోలె నేను."

ఈశ్వరరావుకు కన్నీళ్ళు ఆగలేదు, అయితే ఈసారివి వేరు. ఇందాకటినుంచీ తను దండం పెట్టుకుంటూ తిన్నది తన కొట్లో కాయనే. తండ్రి కూర్చున్న గద్దె మీద కూర్చుని, రోజూ విరిచి వాసన చూసి పక్కన పడేసిన కాయ ఇంత గొప్పదని అతనికి ఇన్నేళ్ళూ తెలియలేదు. లేచి గంతులేద్దామనుకున్నాడు. ఆ సంతోషం గట్టిగా ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా నిలవలేదు.

రాజేశ్వరరావు నిండు చెంబును వేలితో చూపిస్తూ పెద్దగా నవ్వాడు. "చూసిండ్రా? ఇదీ కొంటా కాయ! మూడు దొప్పలు తిన్నడు, చుక్క నీళ్ళు ముట్టలె. ఇంకా అందుల కారం ఎక్కడుంది? బెల్లంముక్క చప్పరించినట్టు చప్పరిచ్చిండు. అమ్మేటోడే చూపిచ్చిండు కదా తన సరుకేందో!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతసేపూ బాబా అని మొక్కినవాళ్ళు చేతులు దించేశారు. "నిజమే కద," అన్నారెవరో. లారీ డ్రైవరు ఫోను దించలేదు. "కొంటా మిర్చిలో దమ్ లేదు," అని వీడియోకు కొత్త మాట జోడించాడు. బస్సు డ్రైవరు, కండక్టరు ఆ మాటే ఇంకోసారి అనుకున్నారు. అంటే సాయంత్రానికి అది కొంటా చేరుతుంది, రేపటికి భోపాలపట్నం దాకా పోతుంది.

సుక్కి మొహం మళ్ళీ ముడుచుకుంది. ఆమెకు మనుషులకంటే చెంబు మీద నమ్మకమెక్కువ. "సగం బస్తా నెమ్ము పట్టిందేమో," అని గొణిగి, రాజేశ్వరరావు వైపు తిరిగింది. "నీ సంచి ఇప్పు, సూద్దాం."

ఈశ్వరరావు లోపల మంటమీద మంట. ఒక్క గుక్క నీళ్ళు తాగితే చాలు, తన కాయ పేరు నిలబడుతుంది. తండ్రి పేరు నిలబడుతుంది. చెంబు అందుకున్నాడు. చల్లదనం వేళ్ళకు తగలగానే ఒళ్ళంతా జివ్వుమంది. చెంబు పెదవుల దాకా వెళ్ళింది.

"ఏమండీ!"

చెంబు అక్కడే ఆగింది. రోడ్డు మీద ఆగిన ఆటోలోంచి కమలాకుమారి దిగుతోంది. లారీ డ్రైవరు మొదట్లోనే పంపిన వీడియో ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి కొంటా వ్యాపారుల గ్రూపులో పడింది. అక్కడినుంచి ఆమె కూతురు వాసవి ఫోనులోకి వచ్చింది. సుక్మాలో సాబ్ ఇంట్లో ఉండాల్సిన మొగుడు ఎర్రబోరులో కోడి ముందు కూర్చుని ఏడవడం ఆమె చూసింది. దొరికిన ఆటో ఎక్కి వచ్చేసింది.

ఈశ్వరరావు చెంబు కింద పెట్టేశాడు. ఒకవైపు తండ్రి పేరు, ఒకవైపు పెళ్ళాం నెత్తి. రెంటి మధ్యా నోరు తెరుచుకుని నాలుక బయటపెట్టి నిలబడ్డాడు. అంతకంటే చేయగలిగింది అతనికేమీ తోచలేదు.

కమలాకుమారి ఆ నాలుకను చూసింది, దొప్పను చూసింది, నిండు చెంబును చూసింది. సగం సంగతి ఆమెకు అక్కడే అర్థమైంది. మిగతా సగం రాధ గబగబా చెప్పింది.

"అంటే నీళ్ళు తాగలేదా?" అంది కమలాకుమారి.

"చుక్క ముట్టలె అక్కా."

కమలాకుమారి మొగుడి వైపు కొత్తగా చూసింది. ఒట్టు ఇంతదూరం నిలబెట్టుకుంటాడని ఆమె అనుకోలేదు. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. "నాతోటి అబద్ధం చెప్పి, దాక్కొని వచ్చి తినేటంత ఏముంది ఇందుల?" అంటూ దొప్పలో మిగిలిన ముక్క తీసి నోట్లో వేసుకుంది.

ఆమె నమిలింది. ఆగింది. కళ్ళు మూసుకుంది.

కమలాకుమారిది మణుగూరు పక్క ఊరు. పుట్టింట్లో గొడ్డుకారం కలిపిన అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిన్న పిల్ల. కాపురానికి వచ్చిన నెలలోనే మొగుడి కడుపు సంగతి తెలిసింది. ఒక ఇంట్లో రెండు కూరలెందుకని తనూ చప్పిడికి దిగింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, ఈశ్వరరావు ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఆ మొహం మీద ఎర్రదనం పాకుతూ, ముక్కుపుడక పక్కన చెమట పడుతూ, పెదవుల మీద చిన్న నవ్వు విచ్చుకుంటుంటే ఈశ్వరరావు తన మంట మరిచిపోయి చూశాడు. పెళ్ళిపీటల మీద కూడా ఆమె మొహం ఇంత వెలిగినట్టు అతనికి గుర్తులేదు. తన ఇంట్లో ఈ మనిషి ఇన్నేళ్ళు ఆకలితో కూర్చుందని అతనికి అప్పుడు తెలిసింది, సిగ్గేసింది.

కమలాకుమారి కళ్ళు తెరిచి, చెంబు ఎత్తి, ఒక్క గుక్కలో మొత్తం తాగేసింది. ఒట్టు ఆమె వేయించుకున్నది, వేసింది కాదు.

"ఇంకో దొప్ప పెట్టు తల్లీ," అంది. "చెంబు నింపు."

రాధ నింపింది. నీళ్ళు పడిన చప్పుడుకు సుక్కి తల చివ్వున తిరిగింది. రెండో దొప్ప వచ్చింది, చెంబు ఖాళీ అయింది. మళ్ళీ నింపారు. మూడో దొప్పతో కుండ తెచ్చి పక్కనే పెట్టేశారు. ఆమె ముక్క తింటుంది, హా అంటుంది, గటగటా తాగుతుంది, కన్నీళ్ళు తుడుచుకుంటుంది, నవ్వుతుంది, మళ్ళీ ముక్క అందుకుంటుంది. బాబాను చూసినప్పుడు జనం వింతపడ్డారు గానీ, ఈమెను చూస్తే అందరికీ ఆకలి పుట్టింది. ఒక్కొక్కరే బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. బస్సు డ్రైవరు తనకూ ఒక దొప్ప చెప్పాడు. రాజేశ్వరరావు కూడా సంచి కాళ్ళ కింద పెట్టుకుని, ఊరికే చూద్దామని ఒక ముక్క తిన్నాడు. మరుక్షణం ఉంగ చేతిలోని చెంబు లాక్కున్నాడు.

లారీ డ్రైవరు ఫోను కమలాకుమారి వైపు తిప్పి, "దమ్ ఉంది భాయ్! దమ్ ఉంది!" అని గొంతు చించుకున్నాడు.

సుక్కి వచ్చి కమలాకుమారి పక్కన కూర్చుంది. ఆ హోటల్లో సుక్కి బల్ల మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఈశ్వరరావును పైనుంచి కిందికి చూసి తీర్పు చెప్పింది. "కాయల తప్పు లేదు. మనిషిలనే ఏదో తేడా ఉంది."

ఈశ్వరరావు నాలుక ఇంకా దారికి రాలేదు. అతను భార్య వైపు వంగి చెంబు కేసి దీనంగా చూశాడు.

"మీరు ముట్టద్దు," అంది కమలాకుమారి నోటినిండా ముక్కతో. "ఒట్టుంది." రాధే జాలిపడి ఇంత చల్లన్నం ముద్ద తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. అన్నం కారదు, జారదు కాబట్టి తిన్నాడు.

ఇక వచ్చే జనానికి సగం బస్తా చాలదని, మర్నాడు సోమవారం కొట్టు తెరవకముందే లక్ష్మణ్ వచ్చి బస్తా ఎత్తించుకున్నాడు. వెనకాలే దోర్నపాల్ హోటళ్ళవాళ్ళు, సుక్మావాళ్ళు వచ్చారు. బాబా వీడియో మొదటిరోజే పాతబడింది. కమలాకుమారి చెంబు ఎత్తి తాగే వీడియో మాత్రం ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఇప్పుడు రెండు కూరలు వండుతున్నారు. ఆమె కారం కూర మూకుడు తన చేత్తో పొయ్యి మీద పెట్టి, కాయలు ఏరి తుంచి ఇచ్చేది ఈశ్వరరావే. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చుని చూడడం అతనికి అలవాటైంది, చూసినప్పుడల్లా ఆశ్చర్యపోవడం కూడా.

సంతకు వచ్చినవాళ్ళెవరూ ఇప్పుడు ఈశ్వరరావు కాయ అనడంలేదు, కమలమ్మ కాయ ఇమ్మంటున్నారు. తూకం మాత్రం ఇప్పటికీ ఈశ్వరరావే వేస్తాడు.